పెదవులు కదిపితే చాలట!

పోయిన చలికాలం న్యూ టౌన్‌లో ఓ ఉత్సవానికి ‘స్థానిక కళాకారులకు పెద్దపీట’ అంటూ నన్ను పాడటానికి పిలిచారు. మేముండే బడ్జ్ బడ్జ్ నుంచి నాన్నతో వెళ్లాను. స్టేజీ ఎక్కబోతుంటే ఉత్సవ కమిటీ కార్యదర్శి ఆపాడు.

"దీదీ, రికార్డు వేస్తాం. మీరు పెదవులు కదిపితే చాలు."

"పాట అక్కర్నేకపోతే నిన్నేటికి పిలిసినారే?" అని నాన్న గొణిగాడు.

నోరు తెరిచాను. స్పీకర్లలోంచి మగ గొంతు వచ్చింది! జనం గొల్లున నవ్వారు. ఆ గొంతు నాది కాదని మైకులో చెప్పబోతే అదీ పలకలేదు. స్టేజీ దిగిపోతుంటే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న కమిటీ అధ్యక్షులవారు లేచి నాకు శాలువా కప్పారు.

"ఎంత కమ్మని గొంతమ్మా నీది!"

"ఆ గొంతు ఎవరిదో కనుక్కుని ఆయనకే కప్పండి" అని శాలువా ఆయన చేతిలో పెట్టేశాను.

కళను ఆదరించే ఇలాంటి పెద్దలకు చెవులు కూడా ఉంటే ఎంత బాగుండేదో!