హిజిలీలో గుమ్మడికాయ, సోరోలో కొత్తిమీర

నా చిన్నప్పుడు, నాకు బడికి వెళ్లే వయసు వచ్చేసరికి చంకనెత్తుకోవడానికి ఒక తమ్ముడు కూడా వచ్చాడు. వాడు నడక నేర్చేసరికి ఇంకొకడు. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. నాన్న గూడ్సు బళ్లకు గార్డు, ఎప్పుడు వెళతాడో ఎప్పుడొస్తాడో తెలియని డ్యూటీ. అలా నా చదువు వాయిదా పడుతూ పడుతూ, మనవలు పుట్టాక మా కోడలు తాల్‌బగీచాలోని మా ఇంట్లో వంటింటి బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేదాకా ఆగింది. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ నోటితో చెప్పడమే గాని రాయలేకపోయాను. ఇప్పుడు చెయ్యి నెమ్మదిగా సాగుతోంది, మనసు మాత్రం ముందే పరుగెత్తుతోంది.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మాది చిన్న క్వార్టరు. ఆ క్వార్టర్ల లైన్‌లో అందరికీ నేను మతిమరుపు పిల్లనే. గోల్‌బజార్‌కి పంపి ఇంగువ తెమ్మంటే, దారిలో చేపల బుట్టలు చూసుకుంటూ పోయి చింతపండుతో తిరిగొచ్చేదాన్ని. అమ్మ తిట్టేది కాదు, నవ్వేది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదేమో.

మా తెలుగు చర్చిలో కోత పండుగకు ఒక పద్ధతి ఉండేది. పొలాలు లేని వాళ్లం కాబట్టి ప్రతి ఇల్లూ తన పెరట్లో పండిందో, పెంచిందో, వండిందో ఏదో ఒకటి తెచ్చి దేవుడి ముందు పెట్టేది. ఆదివారం ఆరాధనలో ఒక పిల్ల ముందుకొచ్చి, ఒక్కొక్క ఇంటివైపూ చూస్తూ, ఫలానా ఇంటివారు ఇది తెచ్చారు, వారికి వందనాలు అని చెప్పాలి. కాగితం పట్టుకోకూడదు. మొదట ఈ ఊరొచ్చిన మా పెద్దవాళ్లెవరికీ చదువు రాదు, అన్నీ నోటితోనే చెప్పుకునేవారట. తర్వాతి వాళ్లకు చదువొచ్చినా ఆ పద్ధతి మారలేదు. మొహం చూసి చెప్పిందే వందనం అనేవారు.

ఏటా చెప్పే పిల్ల తండ్రికి ఆ ఏడు చక్రధర్‌పూర్ బదిలీ అయింది. మా సండే స్కూలు చూసే పక్కింటి అక్క, ఈసారి ఎవరు చెబుతారని అడిగింది. చదువుకునే పిల్లలంతా తలలు దించుకున్నారు. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానంటే, ఆ పిల్ల చెబుతున్నప్పుడు ప్రతి ఇంటి వాళ్లూ తనవైపు ఆశగా చూడడం ఏటా గమనించేదాన్ని. నన్ను అలా ఎవరూ చూసి ఎరుగరు.

అక్కడే ఉన్న ఎదురింటి పిన్ని పకపకా నవ్వింది. "దీన్నేటి నిలబెడతావు? మేకనిస్తే కోడని సెప్తాది. కోడినిచ్చినోళ్లని మర్సేపోతాది" అంది. అందరూ నవ్వారు. పక్కింటి అక్క మాత్రం నవ్వకుండా నన్ను దగ్గరకు పిలిచింది. "ఠీక్ హై, నువ్వే సెప్పు. కానొక్క ఇల్లు తప్పినా ఆ ఇంటోళ్లు బాధపడతారు. మరింక నిన్ను నిలబెట్టమని నానడగలేను" అంది.

శనివారం మధ్యాహ్నం చర్చి వరండాలో కూర్చున్నాను. ఒక్కొక్కరే తెచ్చి పెడుతూ పోయారు. గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు, మునగకాయల కట్ట, బెల్లం దిమ్మ, గుడ్ల బుట్ట, చేత్తో అల్లిన బల్లగుడ్డ. ఇరవై ఇళ్లకు పైనే. ప్రతిదీ చూసి పెదాలతో అనుకుంటున్నాను. కొత్తది రాగానే పాతది జారిపోతోంది. చివరగా రైల్వే స్కూల్లో ఆయాగా పనిచేసే ఆవిడ వచ్చింది. ఆ ఏడే ఆవిడ భర్త పోయాడు. పాత డబ్బాలో పెంచిన కొత్తిమీర చిన్న కట్ట తెచ్చి, బియ్యం బస్తా వెనక, ఎవరికీ కనబడకుండా పెట్టింది. "నా దానికోసం బుర్ర పాడుసేసుకోకు తల్లీ, సెప్పకపోయినా ఏటీ అనుకోను" అంది. అలా అన్నదే గాని, నేను ఆ కట్టవైపు చూసేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

ఇంటికొచ్చే దారిలో మొదటి ఇల్లేదో గుర్తు తెచ్చుకోబోతే మునగకాయలు తప్ప ఏమీ కనబడలేదు. వెనక లైన్‌లోనే ఉండే మా మేనత్త వరండాలో బియ్యం ఏరుతోంది. ఆవిడ నాన్నకు చెల్లెలు. కోతలు కోయడంలో ఆవిడను మించినవాళ్లు లేరని పేరు. పిల్లి పెళ్లికి వెళ్లొచ్చానని చెప్పినా మేం నోరు తెరుచుకుని వినేవాళ్లం. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది. ఏడుస్తూనే అంతా చెప్పాను.

ఆవిడ ఓదార్చలేదు. "ఓలమ్మీ, పాసు మీద పలాస ఎల్లినప్పుడు స్టేషన్లు ఎవులు సెప్తారు?" అని అడిగింది. నేనే అన్నాను. రైల్వే పిల్లలకు అది పాటలాంటిది. వేసవిలో నాన్న ఉచిత పాసు మీద ప్యాసింజరెక్కి, కిటికీ దగ్గర కూర్చుని, వచ్చే స్టేషన్ పేరు ముందే అరిచేవాళ్లం. చదువు రాని నాకు కూడా మా సొంతూరు పలాసదాకా వరసగా వచ్చు. "అవి మర్సిపోనావా?" లేదన్నాను. "అయితే బండెక్కు" అంది. కాలనీలో ఏ ఇంటి నుంచి ఏం వెళ్లిందో ఆవిడకు తెలుసు, నేను మర్చిపోయినవి తనే అందించింది.

ఖరగ్‌పూర్ తర్వాతి స్టేషన్ హిజిలీలో ఏముందో చూడమంది. ఏమీ లేదన్నాను. "ఎందుకు లేదు? గుమ్మడికాయ టికెట్ల కిటికీలో కూకుని, ఫిట్టరు గారిని టికెట్టు సూపించమంటోంది" అంది. నాకు నవ్వాగలేదు. బేనాపూర్‌లో డ్రైవరు గారింటి కోడిపుంజు ఇంజనెక్కి కూత వేసింది. నారాయణగఢ్‌లో ఎదురింటి పిన్ని అరటిగెలను నెత్తిన కిరీటంలా పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద ఊరేగుతోంది. ఇది నేనే కట్టాను, కసికొద్దీ. దాంతన్‌లో మునగకాయలతో ఇద్దరు పోర్టర్లు కర్రసాము చేస్తున్నారు. జలేశ్వర్‌లో బెల్లం దిమ్మకు ఈగల బదులు టికెట్ కలెక్టర్లు ముసిరారు. నేను మామూలుగా ఏదైనా పెట్టబోతే అత్త ఒప్పుకునేది కాదు. "ఊరికే కూకోబెడితే దిగి ఎలిపోద్ది. అల్లరి సేస్తేనే ఉంటాది" అంది.

మేం భద్రక్ దాకా స్టేషన్లన్నీ అలా నింపుకుంటూ పోయాం. కొత్తిమీర కట్ట సోరోలో పడింది. అక్కడి స్టేషన్ మాస్టరుకు మీసాల బదులు కొత్తిమీర మొలిచిందనీ, ఆయన పచ్చ జెండా ఊపబోతే ఆయా వచ్చి, కదలకండి బాబూ కూరలోకి కావాలని మీసం తుంపుతోందనీ నేను చెబితే, అత్త బియ్యం చేట మీద పడి నవ్వింది. తర్వాత వరండాలో బండి నడిపాం. అత్త ఇంజను, నేను వెనక పెట్టె. బాలాసోర్‌లో ఆవిరి ఇంజను నీళ్లు పట్టుకునేది కదా, అందుకని అక్కడికొచ్చిన ప్రతిసారీ అత్త నాకో గ్లాసు నీళ్లిచ్చేది. నేను తాగాక, ఈల వేసి బండి కదిలించేది.

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్లు ఒకవైపు, కొంగు కప్పుకున్న ఆడవాళ్లు ఒకవైపు. నేను ముందు నిలబడి ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాను. బండి ఖరగ్‌పూర్ దాటింది. అంతే, హిజిలీలో గుమ్మడికాయ కనబడగానే ఫిట్టరు గారింటివైపు తిరిగి వందనాలు చెప్పాను. ఎంత తేలిగ్గా ఉందో! నేను గుర్తు చేసుకోవడం లేదు, చూస్తున్నాను. కిరీటం పెట్టుకున్న పిన్నిని చూసి నవ్వాపుకుంటూనే ఆవిడకు వందనాలు చెప్పాను. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుంది. బస్తా స్టేషన్, రూప్సా స్టేషన్ దాటాను. బాలాసోర్ వచ్చింది. అక్కడి ఇంటికీ వందనాలు చెప్పి, ఆగాను.

ఆగి, నిలబడ్డాను. బండి నీళ్లు పట్టుకుంటోంది. గ్లాసు కోసం ఎదురుచూస్తున్నాను. గ్లాసు రాలేదు. చర్చిలో దగ్గులు వినిపించాయి. నాకు తొందరేమీ లేదు, బాలాసోర్‌లో బండెప్పుడూ త్వరగా కదలదు. కాని నేను చెప్పడం అయిపోయిందనుకుని పాస్టరు అయ్యగారు లేచారు. ప్రార్థన చేసుకుందామని చేతులు జోడించారు. అందరి తలలూ వంగాయి. ఆయా తల కూడా వంగింది. అప్పుడు తెలిసింది, ఇంకా చెప్పాల్సిన ఇళ్లు ఉన్నాయని. బండి కదలాలి, కాని నీళ్లు లేవు, ఈల లేదు, పట్టాల మీద ఏమీ కనబడడం లేదు. సోరో ఎటుందో తెలియలేదు.

వంగిన ఆ తలల మధ్యలోంచి మా అత్త లేచి నిలబడింది. ఆవేళ ఆవిడది ఆకుపచ్చ చీర. తలమీద కప్పుకున్న కొంగు తీసి, గార్డు జెండా ఊపినట్టు రెండుసార్లు ఊపింది.

బండి కదిలింది. అయ్యగారి "పరలోకమందున్న తండ్రీ" మీద నా గొంతు పడింది. "స్కూలు ఆయమ్మ కొత్తిమీర తెచ్చినాది, ఆయమ్మకి వందనాలు" అని కేకేసినంత గట్టిగా చెప్పాను. అయ్యగారు కళ్లు తెరిచి నావైపు చూసి, చిరునవ్వుతో కూర్చున్నారు. ఆయా తలెత్తింది. కొంగుతో మొహం తుడుచుకుంది. నేను ఆ కొత్తిమీర ఎక్కడుందో వెతికి చూపించాక గాని ముందుకు పోలేదు. భద్రక్ వచ్చేసరికి ఇళ్లన్నీ అయ్యాయి. ఒక్కటీ తప్పలేదు.

బయట ఎదురింటి పిన్ని నా గడ్డం పట్టుకుని, మధ్యలో అంతసేపు ఎందుకాగిపోయావే అని అడిగింది. నా బదులు అత్తే చెప్పింది. "బండి లేటుగా నడిసింది గానీ, ఒక్క ప్యాసింజరునీ ఒదిలీనేదు కదేటి" అంది. పక్కింటి అక్క, వచ్చే ఏడు కూడా నువ్వేనన్నట్టు నా జడ సవరించింది.

అత్త ఇప్పుడు లేదు, ఆ ఆవిరి ఇంజన్లూ లేవు. ఆవిడ నాకు నేర్పింది మతిమరుపుకు మందు అనుకునేదాన్ని. కాదు. నాకెప్పుడూ మతిమరుపు లేదనీ, దేన్నైనా నవ్వుతూ చూస్తే అది నాతోనే ఉండిపోతుందనీ నేర్పింది. ఈ వయసులో అక్షరాలు కూడా అలాగే వచ్చాయి. ఒక్కొక్కదానిచేత ఒక్కో అల్లరి చేయించాను. మా కోడలు విని నవ్వుతుంది, నవ్వి మళ్లీ చెప్పమంటుంది.

ఆ ఆదివారం సాయంత్రం వరకూ నా కాళ్లు నేలమీద నిలవలేదు. మర్నాడు పొద్దున్న లేవగానే నాకు తట్టిన మొదటి సంగతి, భద్రక్ తర్వాత ఊరుదాకా ఇంకా ఎన్నో స్టేషన్లు ఖాళీగా ఉన్నాయని. పెద్ద తమ్ముడు వరండాలో కూర్చుని బడి పాఠం పైకి చదువుతున్నాడు, వాన ఎలా కురుస్తుందో. చిన్నవాణ్ని చంకనెత్తుకుని వాడి పక్కన నిలబడ్డాను. సముద్రాన్ని జాజ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద టీ కెటిల్‌లో పోసి ఆవిరి రప్పించాను. మేఘాన్ని కటక్ వంతెన మీద కూర్చోబెట్టాను. తర్వాత ఏమైందో చదవరా అని తమ్ముణ్ని తొందరపెట్టాను.