పెద్దవ్వ ముందే విన్న పద్యాలు

ఆ రోజుల్లో మా వరంగల్లులో కవి అనిపించుకోవాలంటే వాడలో ఎవరో ఒకరు పోవాలి. బడిలో చదువంతా ఉర్దూలోనే. తెలుగు పద్యాలు మాత్రం హనుమకొండలో ఒక పఠనమందిరంలో కూచుని సొంతంగా నేర్చుకున్నాను (నేర్చుకున్నానని నేనే అనుకునేవాణ్ణి). మా మగ్గాల వాడలో దినాలనాడు, విస్తళ్లు వెయ్యకముందు, పోయినవారి మీద నాలుగు పద్యాలు చదవడం ఆనవాయితీ. ఆ చదివేవాణ్ణి నేను. ఆకలి మీదున్న జనం కిక్కురుమనకుండా వినేవారు. అది నా కవిత్వ మహిమేనని నమ్మాను.

అలాంటి కాలంలో మా ఎదురింట్లో మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతికే పెద్దవ్వ మంచం పట్టింది. ఆమె నోటికి జడిసి పక్క వాడ కుక్కలు కూడా మా వైపు వచ్చేవి కావు. ఒక పొద్దున నన్ను పిలిపించి, తన మీద పద్యాలు ఇప్పుడే రాసి వినిపించమంది. నేను బిత్తరపోయాను.

"చచ్చినంక సదివితే నాకేం ఇనవడ్తది బిడ్డా? జర బతికుండంగనే సదువు," అంది.

తిండి మానేసి పద్యాలతో కుస్తీ పట్టాను. శాంతమూర్తి, సహనశీల, మృదుభాషిణి... అన్నీ కొత్తగా నా బుర్రలోంచి ఊడిపడ్డవేనని ధీమా. మంచం పక్కన నిలబడి రాగం తీశాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. కన్నీళ్లొస్తాయని ఎదురుచూశాను.

"ఇవి మా యారాలు దినాలకు సదివినయే గద," అంది.

కాదని వాదించాను. ఆమె పాదం పాదం అప్పజెప్పింది. నిజమే, నాకు తెలియకుండానే పాత పద్యాలు మళ్లీ నా చేత రాయించుకున్నాయి. పైగా ఆ తోటికోడలితో ఈమెకు బతికినన్నాళ్లూ పడలేదు.

"దాని చీరె నాకు గడ్తవా? మెత్తగ మాట్లాడేదంటే వాడంత నవ్వుతది. నేను నోటితోని బతికిన. అది దీసేస్తే అండ్ల నేనేడుంట?"

ఆ చివరి మాట అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతవరకూ చావంటే భయపడుతోందనుకున్నాను. కాదు, పోయాక తనను ఇంకెవరిగానో తలుచుకుంటారని ఆమె భయం. నా భయం వేరు. పోయిన మనిషిని గయ్యాళి అని రాస్తే ఇక ఏ ఇంటివారూ నన్ను పిలవరు, నా కవిత్వం ఆ దినాలతోనే సరి. అయినా రాశాను. పెనిమిటి తాగి మగ్గం అమ్మబోతే వీధికెక్కి తిట్టి దాన్ని నిలబెట్టుకున్న సంగతి, తోటికోడలి కొడుక్కు జ్వరమొస్తే ఆ తల్లిని తిడుతూనే వాణ్ణి దవాఖానకు మోసుకుపోయిన సంగతి. విని, ఇంకిన్ని తిట్లు పెట్టమని చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది (అన్ని తిట్లకు ఛందస్సు ఒప్పుకోలేదు).

ఎండలు ముదరకముందే పోయింది. దినాలనాడు కాగితం మీంచి తలెత్తకుండా చదివాను. మొదట ఎవరో నవ్వారు, తర్వాత వాకిలంతా నవ్వింది. అందరూ నవ్వుతుండగా ఆ తోటికోడలి కొడుకు ఒక్కడే బావురుమన్నాడు. దాంతో నవ్వినవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు. విస్తళ్ల సంగతి కాసేపు ఎవరికీ గుర్తు రాలేదు.

ఇప్పుడు నాకూ ఆమె వయసొచ్చింది. నా మీద నేనే నాలుగు పద్యాలు రాసుకుందామని మొన్న కూచుంటే, మొదటి పాదంలోనే 'శాంతమూర్తి' వచ్చి పడింది. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె బియ్యం ఏరడం ఆపి, "అయ్యో, ఎవలు పోయిండ్రు?" అని అడిగింది. నవ్వుకుంటూ ఆ పాదం కొట్టేశాను. ఇంకొకటి ఇంతవరకూ రాలేదు.