బటన్ మర్చిపోయే బాబాయి

మా బాబాయికి ఒక్కటే జబ్బు: రికార్డింగ్ బటన్ నొక్కడం మర్చిపోవడం. వంటవాడు పొయ్యి వెలిగించడం మర్చిపోతే ఎలా ఉంటుంది? రికార్డింగ్ స్టూడియో నడిపేవాడు ఆ బటన్ మర్చిపోతే అలాగే ఉంటుంది. మిగతావన్నీ ఆయనకి భేషుగ్గా గుర్తుంటాయి. పక్కింటి కుక్క ఏ శ్రుతిలో మొరుగుతుందో కూడా చెప్పగలడు మహానుభావుడు!

స్టూడియో అంటే ఏదో ఊహించుకునేరు. మేడమీద గది, గోడలకి పాత పరుపులు, మధ్యలో అద్దం. అద్దానికి అటు మైకు, ఇటు బాబాయి. అవతలి మనిషి ప్రాణం పెట్టి పాడి, చెమట తుడుచుకుని, "ఎలా వచ్చిందండీ?" అని ఆశగా చూసేసరికి ఈయన నాలిక కరుచుకునేవాడు.

"బాగానే పాడారు, కానీ నేనే బటన్ నొక్కడం మర్చిపోయాను. ఇంకొక్కసారి పాడండి, మీకు పుణ్యముంటుంది!"

పిన్ని విసిగిపోయి ఆ బటన్ పైన 'నొక్కు' అని చీటీ అంటించింది. మర్నాడు మళ్లీ అదే కథ.

"ఇప్పుడేమైందండీ?"

"నీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే. చదువుతూ నొక్కడం మర్చిపోయాను."

సంగీతాన్ని రికార్డు చేసి, మెరుగులు దిద్దే పని నేర్చుకుంటానని నేను ఈ మహానుభావుడి దగ్గర చేరాను. నాన్న నెత్తి కొట్టుకున్నాడు. "వాడి దగ్గర ఏం నేర్చుకుంటావే, మర్చిపోవడమా? ఈ ఏడాదిలోగా నీకంటూ పని దొరక్కపోతే నోరుమూసుకుని బ్యాంకు పరీక్షలు రాయాలి" అన్నాడు. లెక్కలంటే నాకు చలిజ్వరం. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని పని నేర్చుకున్నాను.

ఒకరోజు ఒక పోస్ట్‌మాన్ మనవరాలికి కానుకగా పాట పాడి ఇవ్వాలని వచ్చాడు. రెండో చరణంలోనే గొంతు జీరపోయింది. "నా వల్ల కాదండీ, వెళ్లిపోతాను" అన్నాడు. బాబాయి ఠక్కున నాలిక కరుచుకున్నాడు. బటన్ సంగతి విని పోస్ట్‌మాన్ పగలబడి నవ్వి, ఈసారి హాయిగా పాడేశాడు. ఆయన వెళ్లాక అడిగాను.

"బాబాయ్, బటన్ నొక్కితేనే వెలిగే ఎర్రలైటు ఇందాక వెలుగుతూనే ఉంది కదా?"

"వెలిగిందా? పాపం, ఆరిపోవడం మర్చిపోయి ఉంటుంది" అని టీకి లేచిపోయాడు. ఈయన మతిమరుపు చివరికి లైటుకి కూడా అంటుకుందన్నమాట అనుకున్నాను.

ఆ తర్వాత ఒక బిస్కెట్ల కంపెనీ మేనేజరు ప్రకటన పాట కోసం వచ్చాడు. బాబాయి తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, తను వెనక స్టూలు మీద సర్దుకున్నాడు. "ఇవాళ పని నచ్చితే మా పాటలన్నీ నీకేనమ్మాయ్" అన్నాడు మేనేజరు. నాన్నా, కాచుకో!

పాడటానికి వచ్చింది ఒక నర్సు; ఆసుపత్రిలో ఆమె కూనిరాగం విని మేనేజరే పిలిచాడట. మైకు ముందుకి రావడం అదే మొదటిసారి. బటన్ నొక్కాను, లైటు వెలిగింది. ఆమె పల్లవిలోనే తడబడి ఆగిపోయింది. మేనేజరు గడియారం చూసుకుని, "ఈవిడతో అయ్యే పని కాదు, ఇంకెవరినైనా చూద్దాం" అన్నాడు. అద్దం అవతల ఆమెకి మాట వినబడకపోయినా మేనేజరు ముఖం చూస్తే సంగతి అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక్కి తిరిగి చూశాను. బాబాయి పైకప్పు వంక తదేకంగా చూస్తున్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్రలో లైటు. ఓరి బాబాయోయ్! ఇన్నేళ్లూ ఈయన ఒక్కసారైనా మర్చిపోతే ఒట్టు!

కానీ నేనిప్పుడు తప్పు నా మీద వేసుకుంటే నా పని గోవిందా. బ్యాంకు పరీక్షలు కళ్లముందు గిర్రున తిరిగాయి. ఆమెని ఇంకోసారి చూశాను. ఇక ఆగలేక, అటువైపు వినబడేలా మా వైపున్న చిన్న మైకులో అనేశాను.

"అయ్యయ్యో, క్షమించండి! నేనే బటన్ నొక్కడం మర్చిపోయాను."

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా!" అని మేనేజరు తల పట్టుకున్నాడు. నర్సు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే పాట అందుకుంది. ఎంత బాగా పాడిందంటే, మేనేజరు కాలితో తాళం వేస్తూ గడియారం సంగతే మరిచాడు.

వెళ్తూ వెళ్తూ, "పాట బ్రహ్మాండం. మిగతావి కూడా నువ్వే చెయ్యి. కానీ తల్లీ, బటన్ దగ్గర మాత్రం మతి ఉన్నవాళ్లని కూర్చోబెట్టు" అన్నాడు.

ఆయన మెట్లు దిగాడో లేదో, బాబాయి నాన్నకి ఫోన్ కొట్టాడు.

"అన్నయ్యా, అమ్మాయికి పని దొరికింది. నా విద్యంతా వచ్చేసింది!"

"ఏం విద్యరా?"

"మర్చిపోవడం!"