కాలువగట్టు మీద అమ్మాయి

పరాయి దేశంలో, వాన్ అనే ఊళ్లో ఉండగా ఒక ఆదివారం పొద్దున హాలండ్ మార్ష్ కాలువగట్టు మీద నడుస్తున్నాను. చిత్తడినేలను ఎండగట్టాక, వలస వచ్చిన డచ్చివాళ్లు సాగుచేసిన క్యారెట్ పొలాలవి. చెట్టూ, మలుపూ లేవు.

ఎదురుగా వస్తున్న ఒక స్టూడెంట్ అమ్మాయి ఆగి, "అన్నా, మీరు తెలుగా?" అంది.

ఆ ఏడు ఎక్కడ చూసినా మన స్టూడెంట్లే. ఉద్యోగానికి రిఫర్ చేయమంటుందని భయపడి, "సారీ?" అన్నాను, అర్థం కానట్టు.

ముందు దారి నీళ్లలో మునిగిందని ఇంగ్లీషులో చెప్పి ఆమె వెళ్లిపోయింది. నేనూ తిరిగి ఆమె వెనకే నడవాల్సి వచ్చింది. ఇంతలో మా ఆవిడ ఫోన్ చేసింది.

"వస్తున్నా, ఇంకో గంట పడుతుంది," అన్నాను మెల్లగా.

ముందు నడుస్తున్న ఆ అమ్మాయి తిరిగి చూడలేదు. జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి, నాకు కనబడేలా చెవుల్లో పెట్టుకుంది. గంటసేపు ఆమె వెనకే నడిచాను.