బస్తాలెక్కని పిల్లి

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వరినాట్ల కాలంలో, బాన్సువాడ పశువుల ఆసుపత్రికి సహాయ సంచాలకుడిగా బదిలీ అయ్యాను. హోదా పెద్దదే, రోజువారీ పని మాత్రం బర్రెల కాన్పులు, మేకల టీకాలు. పిల్లికి వైద్యమంటే అక్కడ నవ్వేవాళ్లు.

వర్ని వైపు ఒక ఊరి నుంచి గంగవ్వ అనే ముసలి రైతు తన పిల్లిని గంపలో పెట్టుకొని వచ్చింది. పదిహేనేళ్ల పిల్లి. రోజూ వడ్ల బస్తాల మీద పడుకునేది, ఈమధ్య ఎక్కడం మానేసింది.

"అలిగిందనుకున్న సారూ. నా కొడుకు కొత్త పిల్లికూనను తెచ్చిండు గదా. తర్వాత సూస్తే నడుమే లేస్తలేదు. నా మోకాళ్లకు రాసుకునే మలామే దానికీ రాసిన."

గట్టిగానే కోప్పడ్డాను. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది. మన మలాం దాని కడుపులోకి పోతే విషం. తుంటి కీళ్లు కదిపితే గరగరమన్నాయి. కీళ్లవాతం. నయం కాదు, నొప్పి తగ్గించగలం. మూత్రపిండాలు చెడకుండా మందు తూచి ఇచ్చాను.

పంపేముందు, దీనికి ఏవేవి ఇష్టమని అడిగాను. బస్తాలెక్కుడు, ఒళ్లు నాక్కునుడు, పొద్దున పాలు పిండేటప్పుడు ఎదురుగా కూసునుడు అంది. వీటిలో రెండు పోయిననాడు మళ్లీ రమ్మన్నాను, నొప్పి తెలియకుండా ప్రాణం పోయే సూది వేస్తానని.

గంగవ్వ బస్తాల పక్కన చిన్న మూటలు మెట్లలా పేర్చిందట. చలికాలమంతా పిల్లి ఎక్కింది.

ఎండలు ముదిరాక గంగవ్వ వచ్చింది. పిల్లి నాక్కోవడం మానేసి బొచ్చు ఉండలు కట్టింది, బస్తాల వంక చూడటం లేదు. పాల దగ్గరికి ఎత్తుకెళ్లినా కళ్లు తెరవలేదట. పిల్లిని చంపిన పాపం బంగారు పిల్లిని దానమిచ్చినా పోదని కొడుకు అడ్డం పడ్డాడట. ఆ మాట వినగానే మా అటెండరు మెల్లగా బయటికి జారుకున్నాడు. నేనూ సూది తీయడానికి వెనకాడాను. చిన్నప్పుడు నాకు నేర్పిందీ అదే.

"నాకు నొప్పి లేస్తే ఇల్లంత ఇనేటట్టు మొత్తుకుంట. ఇది నోరు మెదుపుతలేదు. పాపమొస్తే నా మీదికే రానియ్యి, జవాబు నేను చెప్పుకుంట. సూదెయ్యి సారూ," అంది గంగవ్వ.

ముందు మత్తు సూది వేశాను. పూర్తిగా నిద్రపోయాక నరంలోకి మత్తుమందు ఎక్కువ మోతాదులో ఎక్కించి, గుండె ఆగేదాకా స్టెతస్కోపు తీయలేదు. గంగవ్వ దాని తల మీది చెయ్యి తీయలేదు. తర్వాత గంప ఎత్తుకొని, ఒక చేత్తో మోకాలు పట్టుకొని బస్సుకు నడిచింది.

ఆ తర్వాత ముసలి జంతువు ఏది వచ్చినా వయసు చివర్లో అడిగేవాణ్ణి. దానికి ఏవి ఇష్టమో ముందు అడిగేవాణ్ణి. సూది ఎప్పుడు వేయాలో రోజూ చూసే మనిషికే తెలుస్తుంది. కాకపోతే ఏవి పోతే సూది వేయాలన్న లెక్క, జంతువు ఇంకా బస్తాలెక్కుతున్నప్పుడే వేసుకోవాలి. మనకు కళ్లనీళ్లు మొదలయ్యాక వేసే లెక్క తప్పుతుంది.