దవాఖాన టీవీ, నా మొదటి సంతకం

చదువు రానివాళ్ళు మోసపోతారంటారు. నేను యాభై మూడేళ్ళు అక్షరం రాకుండా బతికాను, కూరగాయల బండి దగ్గర కూడా మోసపోలేదు. చదువొచ్చిన మూడో నెలలో మాత్రం పంజాగుట్ట నడిబొడ్డున, ఏసీ షోరూములో, నన్ను నేనే నిలువునా ముంచుకున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. మా ఇంట్లో ఎలాగూ నవ్వు తక్కువే.

మా ఆయన యాదగిరి ముప్పై ఏళ్ళు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపాడు. తలుపు ఇవతల నిలబడి పాటలు, ఫైట్లు, ఏడుపులు అన్నీ విన్నాడు. ఒక్క సినిమా కూడా కూర్చొని చూడలేదు. తర్వాత హాలును కూల్చేశారు, ఆయన కాళ్ళను పక్షవాతం కూల్చింది.

"ఒక్కటన్న పురాగ చూడాలె సత్తెమ్మా" అనేవాడు.

సరే, హాలునే అమీర్‌పేటలోని మా గదికి తెస్తానని చీటీ ఎత్తి బయలుదేరాను.

సేల్స్‌మన్ ఇంటి టీవీలు చూపించాడు. నా కన్ను మూలనున్న పెద్దదాని మీద పడింది. నేను ఊడ్చే దవాఖానలో, రోగులు కూర్చునే చోట, టోకెన్ నంబర్లు చూపిస్తూ అచ్చం అలాంటిదే ఉంది.

"అది ఇంటికి కాదమ్మా. దుకాణాలల్ల, దవాఖానలల్ల పెట్టేది."

"గందుకే కావాలె. మా దవాఖానల ఏండ్ల సంది నడుస్తనే ఉంది, ఒక్కనాడు ఖరాబు కాలే. మా పక్కింట్లది మూడేండ్లకే సచ్చింది."

"గట్టిదేనమ్మా, కానీ జర వినుండ్రి, దాంట్ల..."

"మంచిది దొరలకు, నాసిది మాకా? నాకు సుత చదువొస్తది బిడ్డా!"

ఊరంతా ఇంటి టీవీ కొంటే ఉలిపికట్టె దవాఖాన టీవీ కొన్నది. దవాఖానలో దాని గొంతు ఎప్పుడైనా విన్నావా అని మీరడగవచ్చు. రోగుల కోసం తగ్గించారనుకున్నాను!

అతను ఒక కాగితం పెట్టాడు. "మళ్ళ వాపస్ తీస్కోమమ్మా. చదివి దస్తఖత్ పెట్టుండ్రి." అంటూ ఎందుకైనా మంచిదని వేలిముద్రకు సిరా డబ్బా కూడా జరిపాడు.

నాకా, సిరా డబ్బా! మోచేత్తో పక్కకు నెట్టి, ఇంటిపేరుతో సహా సంతకం చేశాను. ఆ 'త్త' ఒత్తును బాలింత బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. పైన ఏం రాసుందో ఎవరికి కావాలి?

టీవీ మా గోడంతా ఆక్రమించింది. వాడకట్టంతా వచ్చి కూర్చుంది. కూతురు సరిత పెన్‌డ్రైవ్ పెట్టింది. ఆపరేషన్ గదిలా వెలుగు! హీరో మాత్రం గట్టున పడ్డ చేపలా నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు.

"నా టోకెన్ నంబర్ ఎప్పుడొస్తదక్కా?" అంది పక్కింటి షాహీన్.

సరిత టీవీ వెనకంతా తడిమింది. "దీనికి స్పీకర్లే లేవే అమ్మా! ఛానళ్ళు సుత రావు. షాపుల చెప్పలేదా?"

"చెప్పబోయిండు."

వేరే స్పీకర్లు కొందామంటే చీటీ అంతా గోడ మీదే ఉంది. జనం ఒక్కొక్కరే లేచారు. మా ఆయన మాత్రం చివరిదాకా కదల్లేదు.

"ముప్పై ఏండ్లు బొమ్మ లేకుండ మాటలు విన్న. ఇయ్యాల మాటలు లేకుండ బొమ్మ చూసిన. రెండూ కలిపితే పురాగ చూసినట్టే తియ్యే" అని ఆయనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు కాగితం తీసి, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. స్పీకర్లు లేవని, ఇంట్లో వాడితే గ్యారంటీ లేదని తెలుగులోనే ఉంది. నా ముద్దుల సంతకానికి సరిగ్గా పైన: 'ఇదంతా చదివి తెలుసుకున్నాను.'

కాబట్టి ఆ మూగ టీవీ సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట చదవని కాగితం మీద సంతకం చెయ్యను. చదివే ఓపిక లేనినాడు వేలిముద్రే వేస్తాను. వేలిముద్ర వేసేవాళ్ళకైతే ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు.