డీలోవి ఏమీ పోవన్నాను

తొమ్మిదేళ్లుగా గుండెల మీద ఒక బండ పెట్టుకుని తిరుగుతున్నాను. బండ అనగానే జాలిపడకండి. ఎవరో తెచ్చి పెట్టింది కాదు. నేనే చేతులారా ఎత్తి పెట్టుకున్నాను.

మీరెవరో నాకు తెలీదు. అదే మంచిది. తెలిసినవాళ్లకి చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి. వాళ్లు "పోన్లే, ఎప్పటి సంగతో కదా" అంటారు. ఆ పోన్లే వినడం నావల్ల కాదు. మీరు కూడా అనకండి. ఊరికే వినండి చాలు.

మాది టాటానగర్‌లో భుయ్యాడీహ్ అనే పేట. రెండు గదులు, ఒక వరండా, ఒకటే వంటిల్లు, ఇద్దరు కోడళ్లం. పెద్దావిడ లక్ష్మి. నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ భర్తది, అంటే మా బావగారిది, టాటానగర్ స్టేషన్లో రైల్వే ఉద్యోగం. మా ఆయన ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద పని చేస్తాడు. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టింది. పొద్దుటి వంతు అక్కది, సాయంత్రం వంతు నాది. ఎత్తడం, తుడవడం, గుడ్డలు మార్చడం, ముద్ద కలిపి పెట్టడం. ఈ రెండు వంతుల మధ్య నేను బర్మామైన్స్‌లో ఒక కంప్యూటర్ రిపేరు షాపుకి వెళ్లొచ్చేదాన్ని. పెళ్లికి ముందు నేర్చుకున్న పని. ఫార్మాట్ చేయడం, సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం, కీబోర్డులు మార్చడం.

అక్కంటే నాకు పడదు. ఎందుకు పడదని ఎన్నిసార్లో నన్ను నేనే అడుక్కున్నాను. ఆవిడ నన్ను ఏదైనా అని ఉంటే ఈ కథ రాయడం తేలికయ్యేది. ఒక్క మాట అనలేదు. నేను వండిన పప్పులో ఉప్పు ఎక్కువైతే నోరెత్తకుండా మజ్జిగ పోసుకుని తినేది. తిట్టేవాళ్లని తిరిగి తిట్టొచ్చు. మజ్జిగ పోసుకునేవాళ్లని ఏం చేస్తాం? వీధిలో అందరూ "పెద్దకోడలు బంగారం" అనేవాళ్లు. మరి రెండోది ఏమిటి, తగరమా? ఎవరూ ఆ మాట అనలేదు. అయినా నాకు వినిపించేది.

ఆవిడకో విద్య ఉంది. జాకెట్ల మీద మిషన్‌తో కుట్టే ఎంబ్రాయిడరీకి డిజైన్లు చేసేది, లాప్‌టాప్ మీద. ఎక్కడా నేర్చుకోలేదు. చూసి, తప్పులు చేసి, దిద్దుకుని పట్టేసింది. ఆ డిజైన్ పెన్ డ్రైవ్‌లో వేసి సాక్చీలో మిషన్ ఉన్న ఒక షాపుకి తీసుకెళ్తే వాళ్లు కుట్టేవాళ్లు. ఆ షాపాయన ఒకసారి ఆవిడ డిజైన్‌ని వేరేవాళ్లకి అమ్మేసుకున్నాడు. అప్పటి నుంచి కుట్టడం అవగానే పెన్ డ్రైవ్ వెనక్కి తీసుకుని తుడిచేసేది. కాబట్టి ఆవిడ నాలుగేళ్ల పని ఎక్కడా లేదు, ఆ లాప్‌టాప్‌లో తప్ప. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నమ్మి చెప్పింది మరి.

ఆ వేసవిలో బర్మామైన్స్‌లో ఒక గది మాట్లాడుకుంది. సొంత మిషన్ పెట్టుకుంటుంది. పూజని, అంటే వాళ్లమ్మాయిని, తీసుకుని బావగారితో అక్కడికే మారిపోతారు. ఆ పిల్ల అప్పుడు పదో తరగతి. అందరూ సంతోషించారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. ఆవిడ వెళ్లిపోతే పొద్దుటి వంతు ఎవరిది? మంచం ఎవరిది? గుడ్డలు ఎవరివి?

అప్పుడే లాప్‌టాప్ పాడైంది.

సెకండ్‌హ్యాండ్‌ది. ప్లాంటు క్వార్టర్స్ ఖాళీ చేసి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర కొన్నారు. ఒకరోజు పొద్దున్న అత్తగారి గది గుమ్మంలో అక్క దాన్ని నా చేతిలో పెట్టింది. ఆ నాలుగు ముక్కలూ నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"ఒలే, ఇది తెరుసుకోట్లేదు. కంపెనీ బొమ్మ వరకూ వచ్చి మళ్లీ మొదటికి పోతంది. సూత్తావా?"

"డిస్కులేవక్కా? కొన్నప్పుడిచ్చే సీడీలు?"

"డిస్కులేటి? సంచీలో చార్జర్ ఒకటే ఇచ్చేరు."

"సర్లే. డిస్కుల్లేకుండా కూడా అవుద్ది."

"డీలోవి పోవు కదా? నా పనంతా దాన్లోనే ఉంది."

"పోవక్కా. డీ ఎవులు ముట్టుకుంటారు?"

అబద్ధం కాదది, అప్పటికి. మా పనిలో అందరికీ తెలిసిన పద్ధతే. సిస్టమ్ ఉండే సీ అర కొట్టేయ్, మన ఫైళ్లుండే డీ అర ఉంచు. మా షాపుకొచ్చే ప్రతి ఒక్కరికీ మేమే చెబుతాం, దాచుకోవాల్సింది డీలో పెట్టుకోండి, దాని జోలికి ఎవరూ రారు అని. ఆవిడకీ నేనే చెప్పాను.

షాపులో ఆ మధ్యాహ్నం ఎవరూ లేరు. ముందు హార్డ్ డిస్క్ ఊడదీసి మా కంప్యూటర్‌కి తగిలించి చూశాను. డీ నిక్షేపంగా ఉంది. వరసగా ఫోల్డర్లు, మనుషుల పేర్లతో. భాను. రైల్వే ఆంటీ. మిసెస్ సింగ్. వాటిలో నా పేరు కూడా కనిపించింది. తెరిచాను. నాకింకా కుట్టని డిజైన్, సగంలో ఆగి ఉంది. నాకే చేస్తోంది, చెప్పకుండా. మీరైతే కరిగిపోయేవారేమో. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లిపోయే ముందు ఇదొకటి నా చేతిలో పెట్టి, నాతో కూడా బంగారం అనిపించుకుని మరీ వెళ్దామనుకుందా?

అన్నీ కాపీ చేసి పక్కన పెట్టడానికి పది నిమిషాలు పట్టేది. చెయ్యలేదు. డిస్క్ తిరిగి బిగించాను.

డిస్కులు లేకపోయినా అలాంటి లాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లు ఒక మూల కనపడకుండా ఎక్కించాల్సిందంతా దాచిపెడతారు. స్విచ్ వేయగానే ఒక కీ నొక్కి పట్టుకుంటే అది బయటికొస్తుంది. వచ్చింది. రెండు దారులు చూపించింది. సీ ఒక్కటే కొత్తగా చెయ్యాలా, మొత్తం డిస్కుని కొన్న రోజులా చెయ్యాలా. నేను రెండోది ఎంచుకున్నాను. ఈ డిస్క్‌లో ఉన్నవన్నీ పోతాయి, సరేనా అని అడిగింది. సరే అన్నాను. నిజంగానా అని మళ్లీ అడిగింది. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఫ్యాన్ తిరుగుతోంది. బయట ఆటోవాడెవరో హారన్ కొడుతున్నాడు. సరే అన్నాను.

పొరపాటు అని చెప్పుకోవడానికి ఆ యంత్రం నాకు సందు ఇవ్వలేదు. రెండుసార్లు అడిగింది.

ఇంటికెళ్లి ఏం చెప్పాలో దారిలోనే కూర్చుకున్నాను. పూజ స్కూల్ నుంచి ఎవరిదో పెన్ డ్రైవ్ తెచ్చి పెట్టింది కదా, దాన్లో వైరస్ ఉంది, నేను తెరిచేసరికే డీని తినేసింది అన్నాను. ఒరిజినల్ డిస్కులు ఉండుంటే కొంతైనా దక్కేవి అని కూడా చేర్చాను. ఎందుకు చేర్చానో ఇప్పటికీ తెలీదు. డిస్కులకీ డీకీ సంబంధమే లేదు. ఊరికే, నా తప్పు ఇంకొంచెం దూరం పోవాలని.

పూజ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. "మైనే కుచ్ నహీ కియా, చాచీ. సచ్ మే." నేనేం చెయ్యలేదు పిన్నీ, నిజం. ఆ పిల్ల ఆ మాట వాళ్లమ్మతో చెప్పలేదు. నాతో చెప్పింది. కంప్యూటర్ తెలిసిన మనిషిని నేనే కదా, నేను తలూపితే చాలనుకుంది. నేను పెన్ డ్రైవ్ కేసి చూసి నిట్టూర్చాను.

అక్క కూతుర్ని కొట్టలేదు. తిట్టలేదు. చాలా రోజులు మాట్లాడలేదు, అంతే. మజ్జిగ పోసుకున్నట్టే. ఆ తర్వాత పూజని ఏ కంప్యూటర్ దగ్గరికీ వెళ్లనివ్వలేదు. అది చదువుదామనుకున్నది కంప్యూటర్లే. ఆర్ట్స్‌లో చేర్పించారు.

నేను అబద్ధం చెప్పిన మర్నాటి నుంచి రెండు రోజులు అక్క డిస్కుల కోసం తిరిగింది. ఎందుకూ పనికిరాని డిస్కుల కోసం! ఆ క్వార్టర్స్‌కి వెళ్లి, పక్కింటివాళ్లని అడిగి, అమ్మినాయన ఫోన్ నంబర్ పట్టుకుంది. ఆయన మూటలన్నీ విప్పించి వెతికించిందట. లేవన్నాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి తను కుట్టించిన జాకెట్లు అడిగి తెచ్చుకుని, వాటి మీద పల్చటి కాగితం పరిచి పెన్సిల్‌తో ఆ పూలు మళ్లీ దించుకోవడం మొదలెట్టింది. నా దగ్గరికీ వచ్చింది. మా చెల్లి పెళ్లికి నాకు చేసిన నెమలిరంగు జాకెట్టు ఇవ్వమంది. చెల్లి పట్టుకుపోయిందక్కా అన్నాను. అది నా పెట్టెలోనే ఉంది. ఇప్పటికీ ఉంది. ఒక్కసారి కూడా మళ్లీ తొడుక్కోలేదు.

కొన్నాళ్లకి కాగితాలు ఆపేసింది. గది వద్దని చెప్పేసింది.

ఇప్పటిదాకా చెప్పింది సగమే. మిగతా సగం ఇంకా నీచం.

తుడిచిన డిస్కులోంచి పోయినవి కొంతవరకు వెనక్కి తీయొచ్చు. వెంటనే పనిలో పడితే, దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే. మా షాపులోనే అది చేసేవాళ్లం, నేనే చేసేదాన్ని. అక్క ఆ రాత్రే అడిగింది, ఎవరైనా పెద్ద మెకానిక్‌కి చూపిస్తే దొరుకుతాయేమో అని. బిష్టుపూర్‌లో పెద్ద షాపులో చూపిస్తానని పట్టుకెళ్లాను. ఎక్కడికీ తీసుకెళ్లలేదు. నాలుగు రోజులు మా షాపు బల్ల కింద, పాత కీబోర్డుల డబ్బాలో పడేశాను. ఆ నాలుగు రోజులూ దాని మీదే కాళ్లు చాపుకుని పని చేసుకున్నాను. అయిదో రోజు తెచ్చి, దొరకలేదక్కా అన్నాను. నువ్వయినా తిరిగేవమ్మా నాకోసం, అంది. అన్నం కూడా పెట్టింది.

కోపంలో ఒక్క క్షణం చేశాను అనుకుంటే అది ఆ సరే రెండుసార్లు నొక్కినప్పటి మాట. మరి ఈ నాలుగు రోజులు? రోజుకి ఎన్ని క్షణాలు?

కావాలనుకున్నదే నాకు దక్కింది. అక్క వెళ్లలేదు. పైగా చేతిలో పని లేకపోయేసరికి సాయంత్రం వంతు కూడా ఆవిడే చేసేసేది, నేను షాపు నుంచి అలిసిపోయి వస్తానని. అత్తగారు ఇంకో ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలో నేను గుడ్డలు మార్చింది ఎన్నిసార్లో వేళ్ల మీద చెప్పొచ్చు. అక్క ఇప్పుడు చీరలకి ఫాల్స్ కుడుతుంది. కళ్లజోడు పెట్టుకుని, వరండాలో.

మళ్లీ ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, పూజ మొన్న తన లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇప్పుడు ఒక నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్ పని చేస్తోంది. లాప్‌టాప్ నత్తలా నడుస్తోందట, కొత్తగా ఎక్కించాలి. "ఆప్ హీ కర్ దో, చాచీ. మై హాథ్ లగాతీ హూఁ తో సబ్ ఉడ్ జాతా హై." నన్నే చేసిపెట్టమంది, తను ముట్టుకుంటే అన్నీ ఎగిరిపోతాయట. నవ్వుతూ అంది. తొమ్మిదేళ్లుగా నమ్మిన మాటని మనిషి అలాగే నవ్వుతూ అంటుంది. పక్కన అక్క ఫాల్ కుడుతూ తల దించుకునే ఉంది.

పని అయిపోయింది. దాన్లో ఉన్నవన్నీ ముందే మూడు చోట్ల కాపీ చేశాను. తెర సరేనా అని అడిగినప్పుడు నా వేలు చాలాసేపు ఆగిపోయింది. ఇప్పుడు ఆగి ఏం లాభం?

వాళ్లిద్దరి ఎదురుగా నిలబడి నోటితో చెప్పాలని రెండు రోజులు చూశాను. నావల్ల కాలేదు. నేను పిరికిదాన్ని, అది కూడా రాసుకోండి. అందుకే ఎవరో తెలియనివాళ్లకి చెబుతున్నట్టుగా ఇదంతా పూజ లాప్‌టాప్‌లోనే టైప్ చేశాను, తెలుగులో. పూజకి తెలుగు మాట్లాడటం కొంచెం వచ్చుగానీ చదవడం రాదు. ఇక్కడ పుట్టిన పిల్లలెవరికీ రాదు. ఇది తెరిస్తే వాళ్లమ్మ దగ్గరికే పట్టుకెళ్లాలి. అక్క కళ్లజోడు పెట్టుకుని, కూతురికి మొదటి నుంచి చదివి వినిపించాలి. ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు. ఈ వాక్యం దాకా వస్తుందో లేదో. ఆవిడ ఈసారైనా నన్ను తిట్టాలి. తిట్టకపోయినా నేను అడగను.

ఊపిరి మాత్రం ఇప్పుడు ఆడుతోంది. ఆ ముక్క చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

నెమలిరంగు జాకెట్టు కూడా ఆ లాప్‌టాప్ సంచీలోనే మడిచి పెట్టాను. ఫైలు డీలో పెట్టాను, అక్కడైతే ఎవరూ ముట్టుకోరు. పేరు మాత్రం పూజకి కనపడాలని హిందీలో రాశాను, అప్పుడు ఆ పిల్ల నాతో అన్న మాటే: పూజా నే కుచ్ నహీ కియా.